ఏల్‌కు తగిన చల్లదనం

మొన్న గద్వాలలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర ఎవరో చేతికి నీళ్ళ సీసా ఇచ్చారు. మూత తీయకముందే దాన్ని ముంజేతి లోపలి వైపు, నాడి చూసే చోట ఆనించుకున్నాను. పక్కన కూర్చున్నామె "ఏందక్కా, సీసాకు జ్వరమొచ్చిందా?" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ అలవాటు నాది కాదు. ఈ ఎండాకాలం మొదట్లో పోయిన ఒక మనిషిది.

ఆయన వనపర్తిలో మా క్రైస్తవ సంఘం సమాధుల తోటలో, ప్రహరీ గోడ పక్కన ఉన్నాడు. ఆయనకు అక్కడ చోటు దొరికింది నేను పెద్దల ముందు చెప్పిన ఒక్క మాట వల్ల. ఆ మాట నిజం కాదు. అందుకే పేరు రాయడం లేదు. రాస్తే ఆ సమాధి ఎవరిదో తెలుస్తుంది. తెలిస్తే దాని మీద మళ్ళీ పంచాయితీ మొదలవుతుంది.

ఆయనది అమరచింత. చాలా ఏళ్ళు దుబాయిలో ఉండి వచ్చి, వనపర్తి బస్టాండు దగ్గర కూల్‌డ్రింకుల దుకాణం పెట్టాడు. భార్య కోడేరు పిల్ల. మా స్త్రీల కూటానికి ఎప్పటినుంచో వచ్చేది. ఆయన దుబాయిలో ఉన్నంతకాలం ఇక్కడ ఒంటరిగానే నెట్టుకొచ్చింది.

మీసానికి నల్లరంగు, ఇస్త్రీ చొక్కా, జేబులో దువ్వెన. దుకాణంలో రెండు ఫ్రిజ్‌లు. ఒకటి అందరి దుకాణాల్లో ఉండేదే, తలుపు తీస్తే పొగలు కక్కేది. రెండోది ఆయన సొంత ఫ్రిజ్. దాంట్లో చల్లదనం తగ్గించి పెట్టేవాడు. వయసు మీదపడినవాళ్ళు వచ్చి ఏం అడిగినా ముందు అందులోంచి తీసి, మణికట్టుకు ఆనించి చూసి, తల ఊపి ఇచ్చేవాడు. కుర్రవాళ్ళు పొరపాటున ఆ సీసా తీసుకున్నారంటే గొడవే.

"అన్నా, నీ ఫ్రిజ్ ఖరాబైంది."

"ఫ్రిజ్ మంచిగనే ఉంది. నీ నాలుకనే ఖరాబైంది. ఐసు పెట్టి పెట్టి దాన్ని చంపుకున్నవ్."

"దుకాణం నడపనీకి వచ్చినవా, భాషణం ఇయ్యనీకి వచ్చినవా?"

"రెండు. భాషణం ఫ్రీ."

గొప్పలు చాలా చెప్పేవాడు. తాను లేకపోతే దుబాయిలో ఆ హోటల్ మూతపడేదనేవాడు. లండన్ గురించి మాట్లాడుతుంటే నిన్ననే వచ్చినట్టుండేది. ఒకసారి నిలదీసి అడిగాను. "లండన్ సూడలేదక్కా," అన్నాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా. "గాని లండనోల్లు ఏం తాగుతరో నాకు తెలుసు. శానమంది లండనోల్లకే తెల్వదు."

ఇప్పుడు పొరపాటు దగ్గరికి వస్తాను. అది నాది.

నేను మందిరంలోనే పెరిగాను. మా నాన్న సువార్తికుడు. ఊహ తెలిసినప్పటి నుంచి వాక్యం వింటున్నాను, ఇప్పుడు ఆదివారపు బడిలో పిల్లలకు నేర్పుతున్నాను. దేవునికి హీబ్రూ భాషలో ఉన్న పేర్లు మా పిల్లలు పాటలాగా అప్పజెబుతారు. ఏల్ షద్దాయ్ అంటే సర్వశక్తిగల దేవుడు. ఏల్ రోయి అంటే నన్ను చూచే దేవుడు. మా చెవులకు ఏల్ అంటే దేవుడే. ఇంగ్లీషువాళ్ళ బీరులో ఒక రకానికి కూడా అదే పేరుందని మాలో ఎవరికీ తెలియదు. మాకెలా తెలుస్తుంది?

ఆయన వచ్చిన కొత్తలో, కూటం ముగిశాక నేనూ మరిద్దరు ఆడవాళ్ళూ ఆ దుకాణంలో సోడా తాగుతున్నాం. ఫ్రిజ్ తలుపు మీద ఒక ఫోటో అతికించి ఉంది. అందులో ఆయన నల్లకోటు వేసుకుని, ఒక తెల్లవాడి పక్కన నిలబడి ఉన్నాడు.

"దుబాయిల ఏం పని చేస్తుంటివి తమ్మీ?" అన్నాను.

"ఏల్ సర్వీస్ అక్కా. మొత్తం నేనే చూస్తుంటి."

మేం ముగ్గురం సోడా కింద పెట్టాం.

"ఏల్ సర్వీసా?"

"ఆఁ. శుక్రారం శుక్రారం పెద్ద సర్వీస్. మస్తు మంది వస్తుండిరి."

దుబాయిలో ఆరాధన శుక్రవారమే జరుగుతుందని మాకు తెలుసు. అక్కడికి వెళ్ళివచ్చినవాళ్ళు చెప్పారు.

"ఎవరెవరు వస్తుండిరి?"

"అందరు తెల్లోల్లే. ముసలి ఇంజనీర్లు. వచ్చి సప్పుడు చెయ్యకుంట కూసుంటరు. కండ్లు మూసుకుంటరు. ఈ ఫోటోల ఉన్నడు చూడు, మేనేజర్ దొర, ఇంగ్లండాయన. నాకు అంత నేర్పింది ఆయననే. ఏల్ గురించి ఆయనకు తెల్వంది లేదు."

నాకు ఒళ్ళు జలదరించింది. ఒక మిషనరీ దొర దగ్గర నేర్చుకున్న మనిషి మా బస్టాండులో సోడాలు అమ్ముతున్నాడు! ఆ సాయంత్రమే అయ్యగారి దగ్గరికి, అంటే మా పాస్టరు దగ్గరికి వెళ్ళి, వచ్చే ఆదివారం ఈ దుబాయి తమ్ముడి చేత సాక్ష్యం చెప్పించాలని పట్టుబట్టాను. ఆయనకు నేనే వెళ్ళి చెప్పాను. "నీ దుబాయి అనుభవం సంఘానికి చెప్పాలె తమ్మీ." ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళలో దాని గురించి ఎవరూ కూర్చోబెట్టి అడగలేదట.

ఆ ఆదివారం ఆయన కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. భార్య ముందు వరుసలో కూర్చుంది. మైకు పట్టుకుని, అందరికీ వందనాలు చెప్పి మొదలుపెట్టాడు.

"దేవుడు నన్ను తీస్కపోయి ఏల్ దగ్గర పెట్టిండు."

"ఆమెన్!" అంది సంఘం.

"ఏల్‌ను గౌరవించాలె. తొందరపడొద్దు. కుదిపితే పాడైతది."

"ఆమెన్" కాస్త తగ్గింది.

"ఏల్ చల్లగుండొద్దు. ఏడిగుండొద్దు. గీ రెండిట్ల నడుమ ఉండాలె. అదే అసలు రహస్యం."

మా సంఘ పెద్ద రిటైరైన పంతులు. అందరం పెద్దసారు అంటాం. ఆయన ఆగలేకపోయాడు. బైబిల్లో లవొదికయ సంఘానికి వచ్చిన హెచ్చరిక ఆయనకు కంఠతా. "బ్రదర్, చల్లగనన్న ఉండాలె, వెచ్చగనన్న ఉండాలె. నులివెచ్చన ఉంటే ఉమ్మేస్తనన్నడు గద ప్రభువు?"

"నులివెచ్చన గాదు పెద్దసారూ, అక్కడనే అందరు పొరపాటు పడుతరు," అన్నాడు ఆయన ఉత్సాహంగా. "బాయి నీళ్ళ చల్లదనం. గంతకంటె చల్లగైతే నాలుక మొద్దుబారుతది, రుచి తెల్వది. గంతకంటె ఏడైతే పులుస్తది. నేను పోసింది ఒక్కలు గూడ ఉమ్మలేదు."

"పోసిందా? ఏం పోసినవ్?"

"బీరు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు చాప మీద నుంచి చాప మీదికి పాకింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. నవ్వనివాళ్ళు ఇద్దరే. ఒకరు పెద్దసారు, రెండోది ముందు వరుసలో కూర్చున్న ఆయన భార్య.

పెద్దలు కూర్చున్నారు. దేవుని నామాన్ని బీరుకు పెట్టి, మందిరంలో, మైకులో, వాక్యాన్ని వెక్కిరించాడన్నారు. పొరపాటు నాదని చెప్పాను. ఏల్ అంటే నేనే తప్పుగా అర్థం చేసుకున్నానన్నాను. "మీది పొరపాటు సిస్టర్. అతనిది వెటకారం," అన్నాడు పెద్దసారు. ఒకే మాటకు నాకు క్షమాపణ వెంటనే దొరికింది. ఆయనను మాత్రం ప్రభువు బల్ల నుంచి ఆపారు. సంఘం ముందు నిలబడి తప్పయిందని ఒప్పుకునేదాకా రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు.

"నేను ఏల్ అన్న, మీరు ఏల్ అనుకున్నరు. దానికి నేనెట్ల క్షమాపణ చెప్పాలె?" అన్నాడు ఆయన. "బీరుకు ఆ పేరు నేను పెట్టలేదు. ఇంగ్లీషోల్లు పెట్టిండ్రు. ఆల్లను పిలిపియ్యుండ్రి."

అలాగని మందిరం మానలేదు. ప్రతి ఆదివారం వచ్చి వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పాటలు గొంతెత్తి పాడేవాడు, శ్రుతి లేకుండా. బల్ల ఆచరించే ఆదివారం మాత్రం రొట్టె పళ్ళెం లేచేసరికి మెల్లగా బయటికి పోయి చెప్పుల దగ్గర నిలబడేవాడు. అయిపోయాక లోపలికి వచ్చి ఆశీర్వాదానికి తల వంచేవాడు. నేను పళ్ళెం అందుకుంటూ గుమ్మం వైపు చూసేదాన్ని. తెల్లచొక్కా వీపు కనబడేది.

ఆయనను ఒప్పించడానికని దుకాణానికి వెళ్ళడం మొదలుపెట్టాను. వెళ్ళేది ఒకందుకు, అయ్యేది ఇంకొకటి. నేను ఒప్పుకోలు గురించి ఎత్తుకునేదాన్ని, ఆయన నా చేతికి రెండో ఫ్రిజ్‌లోంచి మజ్జిగ సీసా ఇచ్చి ఏల్ గురించి ఎత్తుకునేవాడు.

"హోటల్ కింద సెల్లార్ ఉంటదక్కా. మనకాడ సెల్లార్ అంటె బండ్లు పెట్టుకునే జాగ. ఆడ గట్ల గాదు. ఏల్ పండుకునే అర్ర. మీటర్ల పదకొండు, పన్నెండు, పదమూడు డిగ్రీలు. గంత దాటొద్దు. బయట ఎండ మండుతుంటది. దుబాయికి వచ్చినోల్లందరు ఐసు లెక్కనే కావాలంటరు. గా ముసలి ఇంజనీర్లు మాత్రం గ్లాసు పట్టుకోంగనే చెప్తరు, ఇయ్యాల సెల్లార్ల చల్లదనం పెంచిండ్రని."

"నీకు ఏ రకం ఇష్టం?" అని నోరుజారి అడిగాను ఒకరోజు.

"బిట్టర్," అన్నాడు ఆలోచించకుండా. "చేదే. గాని యాపాకు చేదు గాదు, మెంతుల చేదు. పోయినంక మల్ల కావాలనిపిస్తది. దానికి బాయి నీళ్ళ చల్లదనం, అంతే. మైల్డ్ అని ఇంకోటి. బొగ్గుబాయిలల్ల పని చేసేటోల్లు తాగుతుండిరంట. పానకం లెక్క మెత్తగుంటది. పోర్టర్ నల్లగుంటది. జొన్నరొట్టె అంచు మాడినప్పుడు వాసనొస్తది చూడు, గా వాసన. దానికి చల్లదనం జర తక్కువ. పసుప్పచ్చగ ఉండేది ఎండకాలపుది, దాన్ని ఇంకింత చల్లగ ఇయ్యొచ్చు. మస్తు పాతది, గట్టిది ఉంటది, దాన్ని తీసి జరసేపు బల్ల మీద పెట్టాలె. చలికాలం పొద్దుగాల అర్ర ఎంత చల్లగుంటదో, గంత. అప్పుడు నోరు తెరుస్తది."

"తాగుతుంటివా?"

"తాగకుంటె ఎట్ల తెలుస్తది? పొద్దుగాల ఒక్కొక్క గుక్క. దొర చూస్తుండంగనే. మింగుడే."

నేను ఖండించాలి. మద్యం గురించి వాక్యంలో ఏముందో నాకు తెలుసు, పిల్లలకు నేర్పుతాను. కానీ ఆ రోజు ఇంటికి వెళ్ళి, పోపుల డబ్బాలోంచి నాలుగు మెంతులు తీసి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకున్నాను. జీవితంలో చుక్క ముట్టనిదాన్ని. అయినా ఆ చేదు ఇంకొంచెం సేపు ఉంటే బాగుండుననిపించింది. ఆ రాత్రి ప్రార్థనలో దాన్ని ఒప్పుకున్నాను. తర్వాతి వారం మళ్ళీ దుకాణానికి వెళ్ళాను.

ఆయన జబ్బుపడింది కోడేరులో, అత్తగారింటికి పోయినప్పుడు. ఆయాసం. బావమరిది నాగర్‌కర్నూల్ దవాఖానలో చేర్పించాడు. నేను బస్సెక్కి వెళ్ళేసరికి ముఖం నల్లబడి ఉంది. మీసానికి రంగు పోయి, కింద తెల్లవెంట్రుకలు కనబడుతున్నాయి. ఆయన భార్య నన్ను కూర్చోబెట్టి మందుల దుకాణానికి వెళ్ళింది. నర్సు తెచ్చిన నీళ్ళ సీసా మణికట్టుకు ఆనించుకుని, "గిది ఎవరన్న తాగుతరా, పండ్లు ఊడుతయి," అన్నాడు. నేను దాన్ని కిటికీలో ఎండకు పెట్టాను.

సమయం ఎక్కువ లేదని ఇద్దరికీ తెలుసు. నేను ఫోను తీశాను.

"తమ్మీ, అయ్యగారికి కలుపుత. ఒక్క మాట అను. తప్పయిందను. నీకు బల్ల ఇప్పిస్త. ఇయ్యాలనే వచ్చి ఇస్తరు."

ఆయన కిటికీలో పెట్టిన సీసా వైపు చూశాడు.

"ఏది తప్పయిందక్కా? ఏల్ అన్నదా? ఒక్కొక్క గుక్క చూసిందా? దుబాయి పోయిందా? ఏదో ఒకటి చెప్పు. అదే అంట."

చిన్నప్పటి నుంచి కంఠస్థం చేసిన వచనాలన్నీ వెతికాను. ఒక్కటీ ఆయన అడిగినదానికి సరిపోలేదు. "గుక్క," అన్నాను చివరికి, గొణుగుతూ.

"గుక్క చూడకుంటె ఆ ముసలోల్లకు పులిసింది పోస్తుంటి. అది తప్పుగాదా?" అని, కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "అయినా నువ్వనుమంటె అంట అక్కా. నీకోసం అంట. కలుపు. దేవునితోని అయితే అట్ల అనలేను. ఆయనకు తెలుసు గద."

నా వేలు ఫోను మీదే ఉంది. నొక్కలేదు. మనసులో లేని ఒప్పుకోలు అబద్ధమవుతుంది, చావబోయే మనిషి చేత దేవుని ముందు అబద్ధం ఆడించకూడదు అనుకున్నాను. అది నీతి అనుకున్నాను. ఫోను సంచిలో పెట్టి, ఆయన తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాను. ఆమెన్ నాకంటే ముందే అన్నాడు. తెల్లవారి పోయాడు.

శవం వనపర్తికి వచ్చేసరికి పెద్దలు అయ్యగారి వసారాలో కూర్చుని ఉన్నారు. పెద్దసారు క్రమం చెప్పాడు. క్రమశిక్షణలో ఉన్నవాడు ఒప్పుకోకుండా పోతే సంఘం తోటలో పెట్టకూడదు. అమరచింతలో అన్నదమ్ముల చెలక గట్టున పెట్టుకోవచ్చు, ప్రార్థన అయితే చేస్తాం. ఆ మాట కఠినంగా చెప్పలేదు.

గుమ్మం బయట ఆయన భార్య నేల మీద కూర్చుని ఉంది. "గా చెలకల ఎవరున్నరయ్యా?" అంది. "జీవితమంతా దూరమే ఉన్నడు. నేను పోయినంకనన్న పక్కకు ఉంటననుకున్న."

నేను లేచాను.

"చివరి రోజు నా ముందర ఒప్పుకున్నడు," అన్నాను.

"ఏమని?" అన్నాడు పెద్దసారు.

"తప్పయింది అని."

పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "స్తోత్రం ప్రభువా," అన్నాడు. ఆయన నిజంగానే ఏడ్చాడు. గోడ పక్కన చోటు చూపించారు.

బతికున్న మనిషిని, నాకోసం ఆడతానన్న అబద్ధం ఆడనివ్వలేదు. నోరు లేని మనిషి మీద అదే అబద్ధం నేను వేశాను. చెయ్యని తప్పు ఆయనతో ఒప్పించాను. దేవుని ముందు, పెద్దల ముందు, ఆ పక్కనే ఐసుపెట్టెలో ఆయన పడుకుని ఉండగా. ఇది ఏ పాపం కిందికి వస్తుందో నాకు తెలుసు. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆ ఆజ్ఞను ప్రతి ఏడూ పిల్లలకు నేర్పుతాను. మళ్ళీ అదే వసారాలో నిలబడితే ఏం చేస్తానని నన్ను నేను అడుగుతుంటాను. జవాబు మారడం లేదు. పశ్చాత్తాపం అంటే మనసు మారడమని కూడా నేనే నేర్పుతాను.

అబద్ధం ఊరుకోలేదు. ఆ వచ్చే ఆదివారం అయ్యగారు దాన్ని ప్రసంగంలో చెప్పారు. బీరు అమ్మిన మనిషి మరణపడక మీద కన్నీళ్ళతో తిరిగి వచ్చాడన్నారు. కన్నీళ్ళు నేను చెప్పలేదు. ఉప్పునుంతల సంఘంలో చెప్పుకునేటప్పటికి ఆయన పెద్ద తాగుబోతు అయిపోయాడు. "ఆ సాక్ష్యం మీ నోటితోనే వినాలి సిస్టర్," అని ఫోన్లు వస్తున్నాయి. ఒంట్లో బాగాలేదంటున్నాను. అది ఇంకో అబద్ధం.

గద్వాల పెళ్ళి నుంచి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. నీళ్ళిస్తే తాగకుండా గ్లాసు పట్టుకునే కూర్చుంది.

"వదినా, ఒకటి అడుగుత, ఏమనుకోకు," అంది. "ఆయన నిజంగ తప్పయింది అన్నడా?"

పట్టుకుంది అనుకున్నాను. ఒక్క క్షణం తేలికగా కూడా అనిపించింది.

"ఎందుకు బిడ్డా అట్ల అడుగుతున్నవ్?"

"నాతోని ఒక్కనాడు అనలేదు వదినా. కూర మాడినా నాదే తప్పు, బస్సు పోయినా నాదే తప్పు. పెండ్లయిన ఏడాదికే నన్నిడిచి దుబాయి పోయిండు. మా అమ్మ సచ్చినప్పుడు రాలేదు. నాకు కడుపు పోయినప్పుడు రాలేదు. వచ్చినంక, మస్తు పైసలు పంపిన గదనె అన్నడు గని గా మాట అనలేదు. నేను గూడ అడగలేదు. నీతోని అన్నడంటె... కోపం రాలేదు వదినా, మంచిగనే అనిపించింది. గంత పెద్ద మాట ఆయన నోట్లకెల్లి వచ్చిందంటె." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అయ్యగారు బీరు గురించి అంటున్నరు. అందరు బీరు బీరు అంటున్నరు. గా తప్పయింది అన్నప్పుడు నా పేరు తీసిండా?"

దవాఖానలో ఆయన నన్నడిగిన ప్రశ్నలో చివరి ముక్క, దుబాయి పోయిందా అన్నది, అప్పుడు వినబడింది. నేను వచనాలు వెతుక్కుంటూ దాన్ని దాటి పోయాను. ఆ ఒక్కదానికి జవాబు చెప్పగలిగిన మనిషి, ఈమె, మందుల దుకాణం నుంచి వచ్చేదాకా ఆగి ఉంటే సరిపోయేది.

ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

"తీసిండు," అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టి, దగ్గరికి జరిగి, నా రెండు చేతులూ పట్టుకుంది. "ఏమన్నడు?" అంది.

నేను చెప్పడం మొదలుపెట్టాను.